జాగ్రత్త: పెట్ షాపులో ఇచ్చే ‘గొంతు సిరప్’ కుక్కకి పట్టేముందు స్టిక్కరు గీకి చూడండి

చెన్నైలో చిన్న కుక్కల్ని పెంచుకుంటున్న మనవాళ్లకోసం రాస్తున్నా. కంప్లయింటు నడుస్తోంది కాబట్టి షాపు పేరు రాయడం లేదు. మాది పెరంబూరు, షాపూ ఇటువైపుదే, అంతవరకు చాలు.

మా స్వీటీ పొమేరేనియన్. ఎనిమిదేళ్లు. మొన్న భోగినాడు తెల్లారేసరికి వీధంతా పొగ. చెన్నైలో భోగి పొగ ఎలా ఉంటుందో మీకు చెప్పక్కర్లేదు. ఆ పొద్దున మొదలైంది దగ్గు. మామూలు దగ్గు కాదు, బాతు అరిచినట్టు. మెడ ముందుకు చాపి, ముందు కాళ్లు ఎడంగా పెట్టి, నాలుగైదుసార్లు అరిచి ఆగేది. కాలింగ్ బెల్ మోగితే మళ్లీ మొదలు. “గొంతులో ఎముక అడ్డం పడుంటుందే అమ్మాయ్” అంది మా అత్తయ్య. పండగపూట డాక్టరు దొరకడేమోనని పక్కవీధి పెట్ షాపుకి ఎత్తుకెళ్లా. ఆ పని చేయకుండా ఉండాల్సింది.

షాపతను దాని నోరైనా తెరిచి చూడలేదు. “ఒణ్ణుమిల్ల (ఏమీ లేదు) మేడం, త్రోట్ ఇన్ఫెక్షన్” అన్నాడు. తెల్ల స్టిక్కరు అంటించిన సిరప్ సీసా, ఒక హార్నెస్ (మెడకి కాకుండా ఛాతీకి తొడిగే పట్టీలు), నమలడానికి రెండు తోలు ఎముకలు. మొత్తం 1,840 రూపాయలు. బిల్లడిగితే చిన్న చీటీ మీద అంకె రాసిచ్చాడు. సిరప్ పూటకి 5 ఎం.ఎల్. పట్టమన్నాడు. కుక్క బరువెంతో అడగలేదు.

రెండు పూటలు పట్టాను. ఆ రాత్రి స్వీటీ పడుకోలేదు. గది నాలుగు మూలలూ తిరుగుతూనే ఉంది. ఛాతీ మీద చెయ్యి పెడితే గుండె దడదడలాడుతోంది. తెల్లవారుజామున దగ్గు తెర వచ్చినప్పుడు నాలుక నేరేడుపండు రంగుకి తిరిగింది. ఇంక ఆగలేదు, ఆటో పిలిచి వేపేరీలో మద్రాసు వెటర్నరీ కాలేజీ ఆసుపత్రికి పరిగెత్తాం.

ముందు ఆక్సిజన్ పెట్టారు. కాస్త తేరుకున్నాక ఎక్స్‌రే తీశారు, ఊపిరి పీల్చేటప్పుడొకటి, వదిలేటప్పుడొకటి. ఎముకా లేదు, ఇన్ఫెక్షనూ లేదు. గాలి గొట్టం చుట్టూ సి ఆకారంలో మృదులాస్థి రింగులుంటాయి. చిన్న జాతి కుక్కల్లో కొన్నింటికి అవి మెత్తబడిపోయి గొట్టం అణిగిపోతుందట. ట్రేకియల్ కొలాప్స్ అంటారు. నాలుగు గ్రేడుల్లో మాది రెండోది, అంటే దారి సుమారు సగం మూసుకుంటోంది. పొమేరేనియన్లకి, యార్కీలకి (యార్క్‌షైర్ టెర్రియర్లు), చివావాలకి, పగ్‌లకి, టాయ్ పూడుల్స్‌కి ఇది తరచుగా వచ్చేదే.

“ఇంట్లో ఏం పట్టారు?” అని డాక్టరమ్మ అడిగితే సీసా ఇచ్చాను. ఆవిడ దాన్ని లైటు కింద తిప్పి చూసి, స్టిక్కరు మూల గోరుతో గీకింది. కింద ఇంకో లేబులుంది! క్లోర్‌ఫెనిరమైన్, ఫినైలెఫ్రిన్. దాని కింద చిన్న అక్షరాల్లో, నాలుగేళ్లలోపు పిల్లలకు వాడరాదని. మనుషుల జలుబు సిరప్! దాన్ని నేను 4 కిలోల 200 గ్రాముల కుక్కకి పట్టాను. గుండెదడకి కారణం అదేనన్నారు. ఇంకో రకం సీసా అయ్యుంటే అందులో కుక్కలకి ప్రమాదమైన పారాసెటమాల్ కూడా ఉండేదేమో. చక్కెర లేనిదని అమ్మేవాటిలో జైలిటాల్ ఉంటే కుక్క రక్తంలో చక్కెర ఒక్కసారిగా పడిపోతుంది, కాలేయం కూడా పాడవుతుంది. ఈ జబ్బుకి దగ్గు తగ్గించే మందులు లేకపోలేదు, కానీ అవి బరువు చూసి డాక్టరు రాయాల్సినవి.

హార్నెస్ సంగతి ఇంకా అన్యాయం. మెడకి బెల్టు వద్దు, ఛాతీకి పట్టే హార్నెస్ కావాలన్నారు కదా, ఉందిగా అని చూపించాను. డాక్టరమ్మ తాడు తగిలించి మెల్లగా లాగింది. ఛాతీ మీదుండాల్సిన అడ్డపట్టీ జారి సరిగ్గా గొంతు మీదికొచ్చింది. అంటే పేరుకే హార్నెస్, చేసేది బెల్టు పనే. కొనేటప్పుడు షాపులోనే తొడిగి, లాగి చూడండి. ముందు పట్టీలు వై ఆకారంలో రొమ్ము ఎముక దగ్గర కలవాలి, లాగినా అక్కడే ఉండాలి, కింద రెండు వేళ్లు దూరాలి.

తిండి దగ్గర తప్పు మాదే. అత్తయ్య రోజూ తన ప్లేట్లోంచి సాంబారులో నానిన ఇడ్లీ పెట్టేది. చిన్నుల్లి సాంబారు. ఉల్లి, వెల్లుల్లి కుక్క రక్తకణాల్ని దెబ్బతీస్తాయని తెలిసి ఆవిడ రెండు రోజులు నాతో మాట్లాడలేదు, నేనే చెప్పలేదన్నట్టు. ఇప్పుడు కిబుల్‌ని (పొడి గుళికల డాగ్ ఫుడ్) గోరువెచ్చని నీళ్లలో పది నిమిషాలు నానబెట్టి, వంటింటి తూకంలో తూచి, రోజుకి నాలుగుసార్లు పెడుతున్నాం. ఆత్రంగా మింగితే దగ్గొస్తుంది కాబట్టి వెడల్పాటి పళ్లెంలో పరుస్తాం. తాయిలాలు రోజు కేలరీల్లో పదో వంతు దాటకూడదట. మాకు ఉడికించిన క్యారెట్ ముక్కలు పనికొచ్చాయి. అసలు మందు బరువు తగ్గడమే, 3.5 కిలోలకి తెమ్మన్నారు. తోలు ఎముకలు చెత్తబుట్టలోకి పోయాయి. శుక్రవారం సాంబ్రాణి, దోమల చుట్ట, రెండూ మానేశాం. ఎండాకాలంలో షికారు పొద్దున ఆరు లోపే.

డబ్బులడిగితే షాపతను “ఓపెన్ చేసిన సీసా వాపసు లేదు” అన్నాడు. హార్నెస్ కూడా తీసుకోలేదు. 1915కి ఫోన్ చేసి వినియోగదారుల కంప్లయింటు నమోదు చేయించాను. చీటీ ఫొటో, సీసా ఫొటో రెండు లేబుళ్లూ కనపడేలా పంపాను. మందులమ్మే లైసెన్సు ఉందా అని అడిగినప్పుడు అతను షట్టరు సగం దించి లోపలికెళ్లాడు. డబ్బులు ఇంకా రాలేదు.

పెరంబూరు, అయనావరం, కొళత్తూరు వైపు ఎవరింట్లోనైనా ఇలాంటి తెల్ల స్టిక్కరు సీసా ఉంటే, తర్వాతి పూట పట్టేముందు మూల గీకి చూడండి. కింద ఇంకో లేబులుంటే సీసా పారేయకుండా అలాగే పట్టుకుని డాక్టరు దగ్గరికి వెళ్లండి.