బ్రిడ్జిలో తొలి ముక్క: ఎదురెళ్లడం మేలా, కాచుకోవడం మేలా?

ఇద్దరిద్దరు జోడీలుగా ఆడే పేకాట బ్రిడ్జిలో తొలి ముక్క (లీడ్) వేసేవారికి కనిపించేవి తన పదమూడు ముక్కలే. అది పడ్డాకే డమ్మీ, అంటే ఎదుటి జోడీలో ఆట నడిపే డిక్లేరర్‌కు పార్ట్‌నర్, తన ముక్కలు పరుస్తాడు. కాబట్టి ఇక్కడ చేతిలో ఉన్న ముక్కలకు ఎంత విలువో, విన్న బిడ్డింగుకూ అంతే విలువ. బిడ్డింగంటే ఏ రంగు తురుపుగా ఎన్ని ట్రిక్కులు (నలుగురూ ఒక్కో ముక్క వేసే రౌండ్లు) గెలుస్తామో చెప్పే వేలం, అందులో చివరికి నిలిచిన మాటే కాంట్రాక్ట్. ఒకే చేయి పట్టుకుని, కాంట్రాక్ట్ మారినకొద్దీ సరైన లీడ్ ఎలా మారుతుందో చూస్తే విషయం తేలిగ్గా పట్టుబడుతుంది.

ఇస్పేటు: 7 5
ఆఠీను: రాజు, జాకీ, 8 6 3
డైమను: 10 9 8
కళావరు: ఆసు, 7 4

మొదట ఎదుటి జోడీ 1 నో ట్రంప్, 3 నో ట్రంప్ అని ముగించిందనుకుందాం, అంటే తురుపు లేకుండా తొమ్మిది ట్రిక్కులు గెలుస్తామని. పోటీ ఆఠీను 6కీ డైమను 10కీ మధ్య. డైమను 10 ఏమీ పోగొట్టదు, కానీ ఏమీ తేదు కూడా. ఆఠీను 6 వేస్తే డిక్లేరర్ దగ్గర ఆసు, రాణి రెండూ ఉన్నప్పుడు ఒక ట్రిక్కు ఊరికే ఇచ్చినట్టవుతుంది. చాలామంది ఈ భయంతోనే డైమను వేస్తారు. అసలు లెక్క చూడండి. డిక్లేరర్ దగ్గర ఆసు, రాణి, ఒక చిన్న ముక్క. పార్ట్‌నర్ దగ్గర మూడు, డమ్మీలో రెండు. మొదటి ట్రిక్కు రాణికి పోయింది. పార్ట్‌నర్‌కు ఎప్పుడో ఒకసారి చేయి (ట్రిక్కు గెలిచి తర్వాతి ముక్క వేసే వంతు) దక్కి ఆఠీను తిరిగి వేస్తే ఆసు కూడా అయిపోతుంది. ఇక మన రాజు, జాకీ, 8 మూడూ గెలుపు ముక్కలే, వాటిని చేరడానికి కళావరు ఆసు ఉంది. ఆఠీనులో మూడు, కళావరు ఆసు, పార్ట్‌నర్ గెలిచినది: మొత్తం ఐదు. కాంట్రాక్ట్ పోయింది. ముందే ఇచ్చిన ట్రిక్కు ఇలా తిరిగి వసూలవుతుంది.

పార్ట్‌నర్‌కు చేయి దక్కుతుందా? ఎదుటివారికి ఇద్దరికీ కలిపి సుమారు 25 పాయింట్లు (ఆసుకు 4, రాజుకు 3, రాణికి 2, జాకీకి 1), మనకు 8. నలభైలో మిగిలినవి ఏడు, అవి పార్ట్‌నర్‌వే. అంత ఉంటే ఒక ఆసో, పనికొచ్చే రాజో ఉండే అవకాశం బాగానే ఉంది. పైగా డమ్మీ మేజర్ రంగు (ఇస్పేటు, ఆఠీను) అడగకుండా నేరుగా 3 నో ట్రంప్‌కెళ్లింది కాబట్టి అక్కడ నాలుగు ఆఠీన్లు ఉండకపోవచ్చు. ఇక్కడ ఆఠీను 6 స్పష్టంగా మేలు. కళావరు ఆసు లేకపోతే మాత్రం నేను ఇంత ధీమాగా చెప్పను. ఎంట్రీ (చేయి తిరిగి దక్కించే ముక్క) లేని పొడవు రంగు గెలుపు ముక్కలుగా మారినా చేతిలోనే ఉండిపోతుంది.

3 కాకుండా 6 ఎందుకు? పై నుంచి నాలుగోది వేస్తే పార్ట్‌నర్‌కు పదకొండు సూత్రం పనికొస్తుంది. పదకొండులోంచి ఆరు తీసేస్తే ఐదు: మిగతా మూడు చేతుల్లో కలిపి 6 కంటే పెద్ద ఆఠీన్లు ఐదే. డమ్మీలో రెండు, తన దగ్గర రెండు కనిపిస్తే డిక్లేరర్ దగ్గర ఒక్కటే ఉందని పార్ట్‌నర్‌కు తెలిసిపోతుంది.

వరుస ఉంటే ఈ తర్జనభర్జన అక్కర్లేదు. రాజు, రాణి, జాకీ ఉంటే రాజు వేయండి. అది దాడీ, రక్షణా రెండూ. అయితే రాజు, రాణి, 7, 2 ఉన్నప్పుడు నో ట్రంప్ మీద 2, తురుపు కాంట్రాక్ట్ మీద రాజు. తురుపు ఉన్న ఆటలో నాలుగో రౌండు దాకా ఆ రంగు బతకదు, అందుకే తొందర.

ఇప్పుడు అదే చేయి, 6 నో ట్రంప్ (పన్నెండు ట్రిక్కులు) మీద. ఎదుటివారి దగ్గర 32 పాయింట్ల దాకా ఉంటే పార్ట్‌నర్ చేతిలో దాదాపు ఏమీ ఉండదు. ఆఠీను వేయడమంటే పన్నెండో ట్రిక్కును చేతికి అందించడమే. డైమను 10 వేసి కూర్చోవాలి. 6 ఇస్పేట్ల మీదైతే నా ఓటు మళ్లీ ఆఠీనుకే. కళావరు ఆసు మన దగ్గరుంది, ఇంకొక్క ట్రిక్కు చాలు. పార్ట్‌నర్ దగ్గర రాణి ఉంటే అది ఆసును బయటికి లాగుతుంది, కళావరు ఆసుతో చేయి గెలిచి మన రాజు కొట్టుకోవచ్చు. ఆలస్యమైతే డిక్లేరర్ ఆఠీన్లను మరో రంగు మీద పారేస్తాడు.

4 ఇస్పేట్ల మీద బిడ్డింగే తీర్పు చెబుతుంది. ఇస్పేటు, ఇస్పేటు, ఇస్పేటు అంటూ వేరే రంగు మాటే రాకపోతే డమ్మీలో పక్క రంగు భయం తక్కువ. డైమను 10 చాలు. డమ్మీ మధ్యలో 2 డైమన్లు అని ఉంటే కథ వేరు. డైమన్ల మీద డిక్లేరర్ ఓడే ముక్కలన్నీ మాయమవుతాయి, కాబట్టి ఆఠీను 6తో ముందే పోవాలి. ఈ రెండు చోట్లా కళావరు ఆసు వేయాలన్న ఆశ పుడుతుంది, వద్దు. ఆసు ఉన్నది రాజునో రాణినో పట్టడానికి. తొలి ముక్కగా వేస్తే దానికింద రెండూ మూళ్లూ పడతాయి, డిక్లేరర్ రాజుకు ప్రాణం వస్తుంది. తురుపు కాంట్రాక్ట్ మీద ఆసు దాచి కింద 4 వేయడం ఇంకా నష్టం: రెండో రౌండుకే ఆ ఆసు మీద తురుపు పడొచ్చు.

డిక్లేరర్ 1 ఇస్పేటు, తర్వాత 2 ఆఠీన్లు చెప్పి, డమ్మీ 2 ఇస్పేట్లకు వెనక్కొచ్చి ఆగిందా? అప్పుడు ఇస్పేటు 5. ఆఠీను రాజు, జాకీ డిక్లేరర్ వెనకే కూర్చున్నాయి. వాటిని తప్పించుకునే దారి డమ్మీలో ఆఠీన్ల మీద తురుపు కొట్టడమే. మనం ఒక రౌండు తురుపు లాగితే ఆ దారి అంతమేర మూసుకుంటుంది, కళావరు ఆసుతో గెలిచి రెండోసారీ లాగొచ్చు. నష్టం ఎక్కడంటే, పార్ట్‌నర్ దగ్గర తురుపు రాణి, రెండు చిన్నవి ఉంటే దాన్ని మనమే పట్టించినట్టవుతుంది. అయినా ఈ బిడ్డింగుకు తురుపే మేలు.

ఒంటి ముక్క సంగతి. తురుపులో ఆసు, రెండు చిన్నవి ఉండి, చేతిలో పాయింట్లు తక్కువగా ఉంటే ఒంటి ముక్క బంగారం. తురుపు మన ఆసుతో ఆపి, పార్ట్‌నర్‌కు చేయి అప్పగించి, చిన్న తురుపుతో ఒక ట్రిక్కు కొట్టుకోవచ్చు. తురుపులో రాణి, జాకీ, 10 ఉంటే మాత్రం వేయకండి. ఎలాగూ గెలిచే తురుపును ఖర్చు చేసి గెలుపనుకోవడం అది. మనకే 13 పాయింట్లున్నా అంతే, ఎందుకంటే పార్ట్‌నర్‌కు చేయి దక్కదు. నాలుగు తురుపులుంటే పొడవు రంగు వేసి డిక్లేరర్ చేత తురుపులు ఖర్చు చేయించడం మంచిది.

స్కోరింగ్ కూడా చూసుకోవాలి. టీమ్ ఆటలో అదనపు ట్రిక్కు ఖరీదు ఒక్క ఐఎంపీ (రెండు టేబుళ్ల స్కోరు తేడాను కొలిచే పాయింటు). వల్నరబుల్ (గెలుపోటముల విలువ పెరిగిన స్థితి) 3 నో ట్రంప్‌ను ఒక ట్రిక్కుతో ఓడించి, పక్క టేబుల్‌లో మనవాళ్లు అదే గెలిస్తే తేడా 700, అంటే 12 ఐఎంపీలు. అక్కడ ఆఠీను 6కు సందేహం అక్కర్లేదు. జోడీల ఆటలో అదనపు ట్రిక్కే బోర్డును (ఆ పంపకం ఫలితాన్ని) తినేయగలదు కాబట్టి, రెండూ సమానంగా తోచినప్పుడు డైమను 10 వైపు మొగ్గు.

పార్ట్‌నర్ డబుల్ (ఎదుటివారి కాంట్రాక్ట్ పందెం పెంచే మాట) చేస్తే పై లెక్కలన్నీ పక్కన పెట్టండి. మన జోడీ ఏ రంగూ చెప్పనప్పుడు 3 నో ట్రంప్ మీద వచ్చిన డబుల్‌కు వాడుకలో ఉన్న అర్థం, డమ్మీ మొదట చెప్పిన రంగు వేయమని. తురుపు స్లామ్ (పన్నెండు లేదా పదమూడు ట్రిక్కుల కాంట్రాక్ట్) మీద డబుల్ వస్తే, 1929లో థియోడర్ లైట్నర్ ప్రతిపాదించిన పద్ధతి ప్రకారం, మామూలుగా వేయబోయే ముక్క వద్దని. తరచూ పార్ట్‌నర్ దగ్గర ఒక రంగు పూర్తిగా ఖాళీ ఉంటుంది. మన ఐదు ఆఠీన్లు, డమ్మీ చెప్పిన ఆఠీన్లు కలిపి చూస్తే ఆ ఖాళీ ఎక్కడో లెక్క చెబుతుంది.