స్మాల్ యాక్స్ బ్లూరే సెట్: ఏ వరుసలో చూడాలి, ఎలా వినాలి

స్టీవ్ మెక్‌క్వీన్ తీసిన ఐదు సినిమాల వరుస ‘స్మాల్ యాక్స్’. 2020 చివర్లో బీబీసీ వన్‌లో వారానికొకటి చొప్పున వచ్చింది. కరీబియన్ దీవుల నుంచి లండన్ వచ్చి స్థిరపడ్డవాళ్లూ, వాళ్ల పిల్లలూ 1960ల చివరి నుంచి 80ల దాకా ఎలా బతికారో చెబుతుంది. అమెరికా డిస్కుల కంపెనీ క్రైటీరియన్ 2023లో దీన్ని బ్లూరే సెట్‌గా తెచ్చింది. కొనేముందు రీజియన్, అంటే డిస్కు ఏ దేశాల ప్లేయర్లలో ఆడుతుందో చెప్పే గుర్తు, చూసుకోండి. ఇవి రీజియన్ ఎ డిస్కులు. బ్రిటన్‌ది బి, భారత్‌ది సి కాబట్టి అక్కడి మామూలు ప్లేయర్లలో ఆడవు. అన్ని రీజియన్ల డిస్కులూ ఆడే రీజియన్ ఫ్రీ ప్లేయర్ కావాలి.

ఇంగ్లిష్ బాగా వచ్చినవాళ్లు కూడా సబ్‌టైటిళ్లు పెట్టుకోవాలి. ట్రినిడాడ్ యాస ఒకటి, జమైకా యాస ఇంకొకటి. కోపం వచ్చినప్పుడు పాత్రలు వాటిలోకే జారిపోతాయి. అసలు మాట అక్కడే ఉంటుంది.

మొదట ‘మాంగ్రోవ్’ చూడాలి. పశ్చిమ లండన్‌లో, నాటింగ్ హిల్‌లోని ఆల్ సెయింట్స్ రోడ్డులో ఫ్రాంక్ క్రిచ్‌లో 1968లో తెరిచిన రెస్టారెంటు పేరది. పోలీసులు పదేపదే సోదాలు చేయడంతో 1970 ఆగస్టులో జనం ఊరేగింపు తీశారు. ఆ తర్వాత తొమ్మిదిమంది మీద అల్లర్లకు పురికొల్పారని కేసు పెట్టారు. లండన్‌లోని పెద్ద క్రిమినల్ కోర్టు ఓల్డ్ బెయిలీలో విచారణ 55 రోజులు సాగింది. ఆ తొమ్మిదిమందిలో ఆల్థియా జోన్స్, డార్కస్ హౌ తమ వాదన తామే వినిపించుకున్నారు. జ్యూరీలో అందరూ నల్లజాతివాళ్లే ఉండాలని అడిగితే కోర్టు ఒప్పుకోలేదు. చివరికి ఆ ప్రధాన అభియోగం ఎవరి మీదా నిలవలేదు. మొదటి సగం నెమ్మదిగా ఉందని ముందుకు తిప్పేయకండి. వంటగది, పేకాట, వీధిలో డ్రమ్ముల మోత చూసి ఉంటేనే, కోర్టులో ఓడితే పోయేదేమిటో తెలుస్తుంది.

‘లవర్స్ రాక్’కు మంచి స్పీకర్లు ఉండాలి. టీవీ స్పీకర్లతో చూస్తే సగం సినిమా పోయినట్టే. క్లబ్బుల్లోకి ప్రవేశం దొరకని నల్లజాతివాళ్లు ఇంట్లోనే సామాను పక్కకు జరిపి, సౌండ్ సిస్టమ్ బిగించి, మేక మాంసం కూర వండి, గుమ్మం దగ్గర డబ్బులు తీసుకుని పెట్టుకునే పార్టీ ఇది. ‘సిల్లీ గేమ్స్’ పాట ఆగిపోయాక కూడా గది మొత్తం నోటితో పాడుతూనే ఉంటుంది. బేస్ అంతసేపు ఛాతీకి తగిలాకే ఆ నిశ్శబ్దం బరువు తెలుస్తుంది.

‘రెడ్, వైట్ అండ్ బ్లూ’లో పోలీసు ఉద్యోగంలో చేరిన లీరాయ్ లోగన్‌గా జాన్ బొయేగా నటన గట్టిది. కథ మాత్రం ఉన్నట్టుండి ఆగిపోతుంది.

బలహీనమైంది, అదే పేరున్న రచయిత జీవితకథ ‘అలెక్స్ వీటిల్’. పిల్లల సంరక్షణ గృహంలో బాల్యం, దక్షిణ లండన్‌లోని బ్రిక్స్‌టన్, జైలు, అన్నీ గంటపైన కొద్ది నిమిషాల్లో ఇరికించారు. దీనికి ముందు, సెట్‌లోనే ఉన్న ‘అప్‌రైజింగ్’ డాక్యుమెంటరీ మూడు భాగాలూ చూడండి. 1981 జనవరిలో లండన్‌లోని న్యూ క్రాస్‌లో ఇంటి మంటల్లో 13 మంది యువత చనిపోవడం, మార్చిలో దానిమీద జరిగిన నిరసన ఊరేగింపు, ఏప్రిల్‌లో బ్రిక్స్‌టన్ తిరుగుబాటు వరసగా అర్థమవుతాయి. అది చూడనివాళ్లకు సినిమా మధ్యలో వచ్చే ఫొటోలు ఎందుకొచ్చాయో తెలియదు.

‘ఎడ్యుకేషన్’ను సూపర్ 16 అనే సన్నటి ఫిల్మ్ మీద తీశారు. తెరమీద కనిపించే గరుకుదనం డిస్క్ లోపం కాదు. టీవీలో దాన్ని నునుపు చేసే నాయిస్ రిడక్షన్ ఆపేయండి. చదవడం రాని పన్నెండేళ్ల కింగ్స్‌లీని మందబుద్ధి పిల్లల బడికి పంపుతారు. అక్కడ పాఠం చెప్పాల్సిన మాస్టారు గిటార్ పట్టుకుని పాట మొత్తం పాడతాడు, పిల్లలు విసుగుతో నలిగిపోతారు. ఆ బడి పిల్లల కాలాన్ని ఎలా మింగేసిందో చెప్పడానికి ఇంతకన్నా నిజాయితీగల దారి లేదు.

సెట్‌కు ఒక హద్దుంది: లండన్‌లోని దక్షిణాసియా కుటుంబాలు దాదాపు కనబడవు. వాటికోసం 1985లో బ్రిటన్ టీవీ చానల్ 4 కోసం తీసిన ‘మై బ్యూటిఫుల్ లాండ్రెట్’ వేరుగా చూడాలి. ‘మాంగ్రోవ్’ నచ్చినవాళ్లు హొరేస్ ఓవే ‘ప్రెషర్’ (1976) వెతుక్కోండి, 2023లో పునరుద్ధరించారు. అదే పశ్చిమ లండన్, లండన్‌లోనే పుట్టి పెరిగినా ఉద్యోగం దొరకని కుర్రాడి కథ, ఆ రోజుల్లోనే తీసింది.