మెయిడెన్ కాసిల్ గైడు నడక: కోటకు ఐదు స్టార్లు, చెప్పిన కథకు రెండే

మా అబ్బాయి సౌతాంప్టన్‌లో ఉంటాడు. నేను వరంగల్‌లో 31 ఏళ్ళు సోషల్ టీచర్‌గా చేసి రిటైరయ్యాను. మొన్న మే నెలలో వాళ్ళింట్లో ఉన్నప్పుడు "అమ్మా, నీకు కోటలంటే పిచ్చి కదా" అని ఆన్‌లైన్‌లో ఒక గైడు నడక బుక్ చేశాడు. ఇంగ్లండ్‌లోని డోర్సెట్ జిల్లాలో డోర్చెస్టర్ ఊరికి కాస్త దూరంగా ఉన్న మెయిడెన్ కాసిల్ మీద రెండున్నర గంటలు, మనిషికి 25 పౌండ్లు. నడిపించిన వాళ్ళ పేరు ఇక్కడ రాయను. నేను చెప్పదలచుకున్నది వాళ్ళు చెప్పిన కథ గురించి.

కాసిల్ అన్నారని రాతిగోడలు, బురుజులు ఊహించుకోకండి. అక్కడున్నవి కొండను చుట్టి వచ్చిన మట్టికట్టలు, వాటి మధ్య లోతైన కందకాలు, అంతటా గడ్డి, గొర్రెలు. వరంగల్ వాళ్ళకు ఒక్క మాట చాలు: మట్టికోట. ఖిలా వరంగల్‌లో రాతికోటకు బయట ఉండే మట్టికోట మీద ఎక్కి దిగి పెరిగినదాన్ని నేను. పార్కింగ్ దగ్గర కారు దిగి తలెత్తగానే ఆ కట్టల వంపు చూసి నాకు గొంతు పట్టేసింది. మాది కాకతీయుల కాలపు కోట. ఇది అంతకు పదిహేడు, పద్దెనిమిది వందల ఏళ్ళ ముందుది. అయినా మట్టి తవ్వి కందకం చేసి, ఆ మట్టినే పక్కన పోసి కట్ట కట్టడమనే పని రెండు చోట్లా ఒకటే.

గైడు నలభై ఏళ్ళ మనిషి, మర్యాదస్తుడు. పడమటి ద్వారం గుండా తీసుకెళ్ళిన తీరు చాలా బాగుంది. తిన్నగా లోపలికి వెళ్ళే దారే లేదు. ఒక కట్ట దాటగానే ఇంకో కట్ట అడ్డం వస్తుంది, పక్కకు తిరగాలి, మళ్ళీ తిరగాలి. తిరిగిన ప్రతిసారీ పైన ఎవరో నిలబడి మనల్ని చూస్తున్నట్టే ఉంటుంది. "మీరే శత్రువు అనుకొని నడవండి" అన్నాడు. ఆ పావుగంటకే సగం డబ్బులు వచ్చేశాయనిపించింది.

క్రీ.పూ. 600 ప్రాంతంలో ఇది 16 ఎకరాల కోట, చుట్టూ ఒక్కటే కట్ట. క్రీ.పూ. 5వ శతాబ్దంలో దాన్ని పడమటికి పెంచి 47 ఎకరాలు చేశారు, తర్వాత కట్ట మీద కట్ట వేసుకుంటూ పోయారు. నేలంతా సుద్ద. బడిలో బోర్డు మీద రాసిన సుద్దముక్క గుర్తుందా, ఆ తెల్లరాయే. ఇప్పుడు గడ్డి కప్పేసింది గానీ కొత్తగా తవ్విన రోజుల్లో ఈ కొండ మైళ్ళ దూరానికి తెల్లగా మెరిసి ఉంటుంది. అందుకే ఇన్ని కట్టలు యుద్ధానికే కాదు, చుట్టుపక్కల వాళ్ళకు మా బలం ఇదీ అని చూపించుకోవడానికి కూడా అని ఇప్పటి పరిశోధకులు అంటారు. ఆ ముక్క గైడు చెప్పలేదు.

తూర్పు ద్వారం దగ్గర తవ్వకాల్లో ఒకే గుంటలో 22 వేలకు పైగా గులకరాళ్ళు దొరికాయి. చెసిల్ బీచ్ నుంచి ఏరి తెచ్చిన వడిసెల రాళ్ళు అవి. వడిసెల అన్న మాట వినగానే నాకు మా పెద్దబాపు గుర్తొచ్చాడు. జొన్నచేలో మంచె మీద నిలబడి వడిసెల తిప్పి రాయి విసిరితే చేను అవతలి గట్టు మీద పిట్టలు లేచేవి. మంచె ఎత్తుకే అంత దూరం పోతే, ఈ కట్ట మీది నుంచి విసిరిన రాయి సంగతి ఏమిటి? లోపల సుద్దలో తవ్విన ధాన్యపు గుంటలు కూడా చాలా బయటపడ్డాయి. మనం పాతర అంటామే, అదే. మూత గట్టిగా వేస్తే లోపలి గింజలే ఉన్న గాలిని వాడేసుకుంటాయి, పురుగు బతకదు, ధాన్యం చెడదు. అక్కడ గుండ్రటి ఇళ్ళు వరసగా ఉండేవి. ఆ ఇళ్ళ మధ్య ఏ అమ్మ తెల్లవారి పాతర మూత తీసి గింజలు తోడుకుందో అనుకుంటూ కాసేపు నిలబడిపోయాను.

ఇంతకన్నా పాతది కూడా ఆ కొండ మీదే ఉంది. క్రీ.పూ. 3600 ప్రాంతంలో, ఇనుము రాకముందే, అక్కడక్కడ తెంపులు విడిచి తవ్విన కందకాలతో జనం ఒక ఆవరణ చేసుకున్నారు. తర్వాత దాని మీదుగా 546 మీటర్ల పొడవున ఒక మట్టిదిబ్బ పోశారు. మన కాళ్ళ కింద చిన్న ఉబ్బులా తెలుస్తుంది, అంతే. గైడు దీనికి ఒక్క నిమిషం ఇచ్చాడు. నాకైతే అరగంట కావాలి.

ఇక అసలు సంగతి. తూర్పు ద్వారం దగ్గర మమ్మల్ని గుండ్రంగా నిలబెట్టి గొంతు తగ్గించి చెప్పాడు. క్రీ.శ. 43లో రోమన్లు వచ్చారు, తర్వాత చక్రవర్తి అయిన వెస్పాసియన్ తన రెండో లీజియన్‌తో (రోమన్ సేనాదళంతో) ఈ ద్వారం బద్దలు కొట్టాడు, లోపలి వాళ్ళను నరికేశారు, మిగిలినవాళ్ళు రాత్రికి రాత్రే శవాలను ఇక్కడ పూడ్చారు అని. గుంపులోని పిల్లలు నోరు తెరుచుకొని విన్నారు.

ఈ కథ పురావస్తు శాస్త్రవేత్త మార్టిమర్ వీలర్‌ది. ఆయనా, ఆయన భార్య టెస్సా 1934 నుంచి ఇక్కడ తవ్వారు. ఆమె 1936లో చనిపోయారు, తవ్వకం 1937 దాకా సాగింది. దొరికిన 52 సమాధుల్లో 14 మందికి దెబ్బలతో చనిపోయిన గుర్తులున్నాయి. ఒకరి వెన్నుపూసలో ఇనుప మొన దిగి ఉంది. వీలర్ దాన్ని రోమన్ యంత్రం విసిరిన బాణం అన్నారు. ఆ వీలరే 1944లో మన పురావస్తు శాఖకు డైరెక్టర్ జనరల్‌గా వచ్చి, 1947లో కర్ణాటకలోని బ్రహ్మగిరి తవ్వారు. చదరపు గుంతలు తీసి, మధ్య గట్లు వదిలి, పొర పొరగా చదివే ఆయన పద్ధతితోనే అక్కడ బృహత్శిలా సమాధుల పొర మీద శాతవాహనుల కాలపు పొర ఉందని తేలింది. ఆ పొరకు ఆయన పెట్టిన పేరు ఆంధ్ర సంస్కృతి. కాబట్టి వీలర్ అంటే నాకు గౌరవమే.

కానీ ఆ కథ నిలబడలేదు. 1985-86లో నైల్ షార్పుల్స్ మళ్ళీ తవ్వి, రోమన్లు వచ్చేనాటికే కోటలో చాలాభాగం ఖాళీ అయిందని చూపించారు. 2025లో బోర్న్‌మౌత్ విశ్వవిద్యాలయం వాళ్ళు ఆ ఎముకలకు రేడియోకార్బన్ పద్ధతిలో, అంటే ఎముకలో మిగిలిన కార్బన్‌ను కొలిచి, కాలనిర్ణయం చేశారు. చావులు ఒక్క రోజువి కావు. క్రీ.పూ. మొదటి శతాబ్దం చివరి నుంచి క్రీ.శ. మొదటి శతాబ్దం తొలి భాగం వరకు విడతలు విడతలుగా, తరాల పొడవునా జరిగినవి. అంటే ఈ చావుల్లో చాలావాటికి కారణం స్థానికుల మధ్య పోరే అయి ఉండాలి. పైగా సమాధుల్లో గిన్నెలు, తిండి పెట్టి పంపారు. హడావుడిగా పూడ్చేవాళ్ళు చేసే పని కాదది.

ఇదంతా నెమ్మదిగా అడిగాను. "అలా కూడా అంటారండీ, కానీ వచ్చినవాళ్ళకు ఈ కథే నచ్చుతుంది" అన్నాడు. నాకు చాలా బాధ కలిగింది. మా వైపు రాతి వలయాల సమాధులను రాక్షసగుళ్ళు అంటారు. రాక్షసులు కాదర్రా, మన లాంటి మనుషులే అక్కడ పడుకొని ఉన్నారు అని ప్రతి ఏడాదీ పిల్లలకు చెప్పేదాన్ని. ఆ 14 మందీ ఎవరో ఒకరి బిడ్డలు. వాళ్ళు చావని చావును వాళ్ళకు అంటగట్టి డబ్బులు తీసుకోవడం తప్పు. రెండు స్టార్లు తగ్గించింది దీనికే, ఇంకొకటి ఆ ఒక్క నిమిషానికి.

వెళ్ళేవాళ్ళు గైడు లేకుండానే వెళ్ళొచ్చు. కోట ఇంగ్లిష్ హెరిటేజ్ (అక్కడి పాత కట్టడాలను చూసుకునే సంస్థ) చేతిలో ఉంది, టికెట్ లేదు, పార్కింగ్ కూడా ఉచితం, పగలు ఎప్పుడైనా ఎక్కొచ్చు. బోర్డులు చదువుకుంటూ తిరిగితే రెండు గంటలు పడుతుంది. కొండ మీద బాత్రూమ్ లేదు, ఊళ్ళోనే చూసుకొని బయల్దేరండి. మేలో కూడా గాలి చెవులు మూసేసింది, శాలువా తీసుకెళ్ళండి. చీర కన్నా పంజాబీ డ్రెస్సు, షూస్ నయం. మోకాళ్ళ నొప్పులున్నవాళ్ళు కట్టలు ఎక్కకుండా లోపలి మైదానంలో తిరగొచ్చు. తూర్పు వైపు 4వ శతాబ్దం చివరి రోమన్ కాలపు గుడి పునాదులు తప్పకుండా చూడండి.

వీలైతే ముందు డోర్చెస్టర్‌లోని డోర్సెట్ మ్యూజియంకు వెళ్ళండి. ఇనుప మొన దిగిన ఆ వెన్నుపూసలు అక్కడే ఉన్నాయి. మేము నడక అయ్యాక వెళ్ళాం. ఆ అద్దం ముందు మా కోడలు నా చెయ్యి పట్టుకొని చాలాసేపు వదల్లేదు.

నడక నడిపినవాళ్ళకు రెండు పేజీల ఉత్తరం రాశాను. డబ్బులు వెనక్కి అడగలేదు, తూర్పు ద్వారం దగ్గర చెప్పే ఆ పది నిమిషాలు మార్చమని అడిగాను. జవాబు వస్తే ఈ రివ్యూ కింద కలుపుతాను.