మరియా మిచెలా, కరొలైన్ హెర్షెలా: చిన్నపిల్లలకు ఎవరి కథ మేలు?

అలిపిరి సైన్స్ సెంటర్‌కి పిల్లల్ని తీసుకెళ్లొచ్చిన తల్లులు నన్ను అడిగేది ఒకటే: "అక్కా, నక్షత్రాలు చూసిన ఆడవాళ్ల గురించి బొమ్మల పుస్తకం కొనాలి, ఎవరిది కొనమంటావు?" ఆరు నుంచి తొమ్మిదేళ్ల లోపు పిల్లలకైతే నా లెక్కలో పోటీ ఇద్దరి మధ్యే: అమెరికా ఖగోళ శాస్త్రవేత్త మరియా మిచెల్, ఇంగ్లండులో ఆకాశం చూసిన కరొలైన్ హెర్షెల్. ఈ పుస్తకాలు ఎక్కువగా ఇంగ్లీషులోనే దొరుకుతాయి కాబట్టి పక్కన కూర్చుని తెలుగులో చెప్పే పని ఎలాగూ మనదే.

బొమ్మలకు కరొలైన్ కథ బాగా కుదురుతుంది. పదేళ్లప్పుడు టైఫస్ జ్వరం వచ్చి నాలుగడుగులు దాటీదాటకముందే ఎదుగుదల ఆగిపోయింది. అన్న విలియం టెలిస్కోపు అద్దాన్ని గంటల తరబడి చెయ్యి తియ్యకుండా రుద్దుతుంటే, ఈమె తిండి నోట్లో పెట్టేది. పిల్లలు ఇక్కడ పడీపడీ నవ్వుతారు. 1786లో సొంతంగా ఒక తోకచుక్కను కనిపెట్టింది, మొత్తమ్మీద ఎనిమిది. 1787 నుంచి రాజుగారు ఏటా 50 పౌండ్ల జీతమిచ్చారు. చిక్కల్లా ఏమిటంటే, ఎవరు చెప్పినా చాలా దూరం అన్నగారి కథే నడుస్తుంది. "మరి ఆయన ఈమెకు తినిపించలేదా?" అని ఓ పిల్ల అడిగితే నా దగ్గర జవాబు లేదు.

నేను చూసేది ఒక్కటే. పుస్తకం మూశాక పిల్ల మిద్దె ఎక్కుతుందా, లేదా? అందుకే నా ఓటు మరియాకి. 1831 ఫిబ్రవరి సూర్యగ్రహణం నాడు నాన్న టెలిస్కోపులో చూస్తుంటే, పన్నెండేళ్ల మరియా గడియారం దగ్గర సెకన్లు లెక్కపెట్టింది. గ్రహణమంటే కొండ మీద గుడి మూస్తారని, శ్రీకాళహస్తిలో మాత్రం తెరిచే ఉంచుతారని మన పిల్లలకు తెలుసు. దాన్ని తమలాంటి పిల్ల లెక్కగట్టిందనేసరికి చెవులు నిక్కబొడుచుకుంటారు.

ఇక 1847 అక్టోబరు 1. ఇంట్లో విందు జరుగుతుంటే మెల్లగా జారుకుని పైకెక్కింది. టెలిస్కోపులో ధ్రువ నక్షత్రానికి ఐదు డిగ్రీల పైన మసకగా ఏదో చుక్క. తోకచుక్కే! దానికి డెన్మార్క్ రాజు బంగారు పతకమిచ్చాడు. ఈ పేజీ అయ్యాక పిల్లను మిద్దె మీద తిరుమల కొండల వైపు తిప్పి నిలబెట్టండి. చెయ్యి చాచి పిడికిలి పడితే సుమారు పది డిగ్రీలు. మరియా ఊళ్లో ధ్రువ నక్షత్రం నాలుగు పిడికిళ్ల ఎత్తున ఉంటే, మనకు ఒకటిన్నర లోపే. కొండ పాదం దగ్గరి ఇళ్లకు కొండే అడ్డం రావచ్చు, తిరుచానూరు వైపు వాళ్లు నయం.

డార్క్ మ్యాటర్ (కంటికి కనబడని పదార్థం) ఉందనడానికి ఆధారాలు చూపిన వెరా రూబిన్ కథ పదేళ్లు దాటాక చూసుకోవచ్చు. అట్టగొట్టంతో చేసుకున్న టెలిస్కోపు బాగుంటుంది కానీ కనబడనిదాన్ని ఏ చిత్రకారుడు గీస్తాడు? నక్షత్రాల దూరం కొలిచే దారి చూపిన హెన్రియెటా లెవిట్ కథ హైస్కూలుకి.

మరియాది కొనేముందు గ్రహణం పేజీ ఉందేమో తిరగేసి చూడండి. అది వదిలేసి పతకంతో మొదలుపెట్టిన పుస్తకమైతే, దానికన్నా కరొలైనే నయం.