పీఎం సూర్య ఘర్ రివ్యూ: బెంగళూరులో సొంతిల్లున్న వాళ్లకు గిట్టుబాటేనా?

2022కల్లా మేడల మీద 40 గిగావాట్ల సోలార్ పెట్టిస్తామని కేంద్రం పాత ప్రణాళికలో రాసుకుంది. దాని దరిదాపులకు కూడా పోలేదు. 2030కి 500 గిగావాట్ల శిలాజేతర (బొగ్గు, చమురు, గ్యాసు మండించని) విద్యుత్ సామర్థ్యం అనే ఇప్పటి లక్ష్యంలో మళ్లీ మన మేడల వంతు వచ్చింది. 2024 ఫిబ్రవరిలో మొదలైన పీఎం సూర్య ఘర్, అంటే ఇంటి మేడ మీద సోలార్‌కి కేంద్రం సబ్సిడీ ఇచ్చే పథకానికి 75,021 కోట్లు కేటాయించి, కోటి ఇళ్లు లక్ష్యంగా పెట్టారు. సేవగా చూస్తే ఐదుకి మూడున్నర ఇస్తాం. పోర్టల్, సబ్సిడీ బాగానే ఉన్నాయి. తంటా అంతా కాగితాల దగ్గర, మేడ మీద.

ముందు మీ కరెంటు బిల్లు చూసుకోండి. కర్ణాటక ప్రభుత్వ ఉచిత కరెంటు పథకం గృహజ్యోతి కింద సున్నా బిల్లు వస్తున్న ఇంటికి సోలార్ దండగ. ఒక ప్రభుత్వం ప్యానెల్‌కీ, ఇంకో ప్రభుత్వం ఉచిత కరెంటుకీ డబ్బిస్తుంటే చిన్న ఇల్లు రెండోదాన్నే పట్టుకుంటుంది మరి! ఏసీ, గీజరు, ఇండక్షన్ స్టవ్‌తో నెలకు 300 యూనిట్లు దాటే ఇళ్లకే లెక్క కుదురుతుంది.

సబ్సిడీ మొదటి రెండు కిలోవాట్లకు 30,000 చొప్పున, మూడోదానికి 18,000. గరిష్ఠం 78,000, ఆపైన ఎంత పెట్టినా అంతే. ప్యానెళ్ల సామర్థ్యం, వాటి డీసీ కరెంటును ఇంట్లో వాడే ఏసీ కరెంటుగా మార్చే ఇన్వర్టర్ సామర్థ్యం రెండింటిలో ఏది తక్కువైతే దాన్నే లెక్కలోకి తీసుకుంటారు. 540 వాట్ల ప్యానెళ్లు ఐదు పెట్టి, 3 కిలోవాట్ల ఇన్వర్టర్ చూపించి 'త్రీ కేడబ్ల్యూ సిస్టమ్' అని అమ్మితే పూర్తి 78,000 రాదు. ఆరు ఉండాలి. అవి డీసీఆర్ ప్యానెళ్లు, అంటే సెల్లుతో సహా దేశంలో తయారైనవి కావాలి. కొటేషన్ మరీ చవగ్గా ఉంటే మొదట అడగాల్సింది ఇదే.

దరఖాస్తులో ఎక్కువమంది చిక్కుకునేది పేరు దగ్గర. బెంగళూరు విద్యుత్ సంస్థ బెస్కాం బిల్లు మీద ఇంటిపేరు ఒక పొడి అక్షరం, బ్యాంకు ఖాతాలో పూర్తి ఇంటిపేరు. మన తెలుగువాళ్లకిది మరీ మామూలు. లేదా బిల్లు ఇంకా ఇల్లమ్మినవాళ్ల పేరు మీదే నడుస్తుంటుంది. పేరు మార్పిడి అయ్యాకే పోర్టల్ తెరవండి. మధ్యలో మార్చబోతే సబ్సిడీ ఆగిపోతుంది. 10 కిలోవాట్ల లోపు అయితే సాంకేతిక పరిశీలన అక్కర్లేకుండానే ఆమోదం వచ్చినట్టు లెక్క. 5 కిలోవాట్ల వరకు లైను బలోపేతం ఖర్చు విద్యుత్ సంస్థదే. 2024లో సవరించిన నిబంధనల్లో ఉందిది, ఎవరైనా డబ్బడిగితే గుర్తుచేయండి.

ఇక మేడ సంగతి. కిలోవాట్‌కి సుమారు 100 చదరపు అడుగులు, ముఖం దక్షిణానికి, వాలు 13 డిగ్రీల చుట్టూ. అసలు శత్రువు నీడ. ఏప్రిల్ చివర్లో మధ్యాహ్నం బెంగళూరులో సూర్యుడు సరిగ్గా నడినెత్తిన ఉంటాడు. అప్పుడు సర్వేకి వచ్చినవాళ్లకు మెట్లగది మీది సింటెక్స్ ట్యాంకు నీడ కనిపించదు. డిసెంబరులో సూర్యుడు దక్షిణానికి దిగిపోతాడు. ప్యానెళ్లకు దక్షిణాన వాటికంటే పదడుగులు ఎత్తున్న ట్యాంకు మధ్యాహ్నమే ఉత్తరంగా ఏడడుగుల పైన నీడ పరుస్తుంది, ఉదయం తొమ్మిదింటికి ఇంకా ఎక్కువ. ఒక ప్యానెల్ మీద నీడ పడితే ఆ వరస మొత్తం ఉత్పత్తి దెబ్బతింటుంది. అందుకే ట్యాంకు, మెట్లగది ప్యానెళ్లకు ఉత్తరాన ఉండేలా చూసుకోండి.

వైరింగ్‌లో రెండు చూడండి. ప్యానెళ్ల తీగలను కలిపే ఎంసీ4 కనెక్టర్లు రెండు వైపులా ఒకే కంపెనీవి కాకపోతే బిగుతు కుదరక వేడెక్కి కాలిపోతాయి. ఎర్తింగ్ గుంటలు మూడు: పిడుగు రాడ్‌కి వేరు, డీసీ (ప్యానెళ్ల) వైపుకి వేరు, ఏసీ (ఇంటి కరెంటు) వైపుకి వేరు. ఖర్చు తగ్గించడానికి మూడూ ఒకే గుంటలో కలిపేసే పనివాళ్లున్నారు, దగ్గరుండి తవ్వించండి.

3 కిలోవాట్లకు నెలకు సగటున 350 యూనిట్లు వస్తాయి, జులై, ఆగస్టు మబ్బుల్లో తగ్గుతాయి. యూనిట్ ఆరు రూపాయలనుకుంటే ఏటా 25,000 మిగులు. ఫిక్స్‌డ్ చార్జీలు మాత్రం తప్పవు. ఇంకోటి, కరెంటు పోతే ఇదీ ఆగిపోతుంది. లైను మీద పనిచేసే మనిషికి షాక్ కొట్టకుండా ఆన్‌గ్రిడ్ (కరెంటు లైనుకు కలిపిన) ఇన్వర్టర్ తనంతట తానే ఆగాలి, అది లోపం కాదు. బ్యాకప్ కావాలంటే బ్యాటరీతో కూడా పనిచేసే హైబ్రిడ్ ఇన్వర్టర్, బ్యాటరీ పెట్టుకోవాలి. వాటికి సబ్సిడీ పెరగదు.

అపార్ట్‌మెంట్లలో ఉన్నవాళ్లకు సంఘం పేరు మీద లిఫ్టు, మోటారు, కామన్ లైట్ల కోసం కిలోవాట్‌కి 18,000 వస్తుంది.

వెండర్‌కి చివరి విడత డబ్బు, లైనుకు పంపిన యూనిట్లు, వాడుకున్న యూనిట్లు రెండూ లెక్కపెట్టే నెట్‌మీటర్ బిగించి కమిషనింగ్ సర్టిఫికెట్ పోర్టల్‌లో కనిపించాకే ఇవ్వండి. ఒప్పందంలో ఐదేళ్ల మెయింటెనెన్స్ ఉందో లేదో చూసి సంతకం పెట్టండి.