ముక్కులో గడ్డ క్యాన్సర్ కాదని తేల్చింది ఈ ల్యాబే, వైజాగ్‌లో పెట్స్ ఉన్నవాళ్ళు ఒకసారి చదవండి

ముందే చెప్పేస్తున్నా, కుక్కకైనా పిల్లికైనా గడ్డ కనబడితే చేత్తో నొక్కి చూసి ఇది క్యాన్సరే, ఇది కొవ్వు గడ్డే అని ఎవరు చెప్పినా నమ్మేయకండి, ఎంత సీనియర్ డాక్టరైనా సరే, గడ్డలోంచి కాస్త తీసి గాజు స్లైడ్ మీద మైక్రోస్కోప్‌లో చూసేదాకా అది అంచనా మాత్రమే. ఆ స్లైడ్ చదివేవాళ్ళు మన ఊళ్ళోనే ఉన్నారని చాలామందికి తెలీదు, అందుకే ఇంత పొడుగు రివ్యూ.

మా బ్రూనో ల్యాబ్రడార్. ఆనందపురం వైపు మా అత్తగారి ఊరెళ్తే చెరువులోంచి వాణ్ణి బయటికి లాగడం ఎవరి వల్లా కాదు. వాడికి ఒక్క కుడి ముక్కులోంచే రక్తం, ఆగకుండా తుమ్ములు. మొదట చూపించిన చోట టిక్ ఫీవర్ అన్నారు, పిడుదుల జ్వరంలో ప్లేట్‌లెట్లు పడిపోయి ముక్కులోంచి రక్తం రావడం ఉంటుంది కాబట్టి ఆ అనుమానం సరే, కానీ బ్లడ్ రిపోర్ట్‌లో ప్లేట్‌లెట్లు బానే ఉన్నా అవే మందులు వాడించారు. ఇంకో చోట టార్చి వేసి చూసి ట్యూమర్ అండి, ఇంక లాభం లేదు అనేశారు. ఒక్క ముక్క తీసి టెస్టుకి పంపుదామని ఎవరూ అనలేదు, నాకు కోపం అక్కడే.

చివరికి ఈ ల్యాబ్‌కి తీసుకొస్తే, ఇక్కడ డాక్టర్ గారు మత్తిచ్చి చూస్తే ముక్కు లోపల ఎర్రటి కండ, దాని మీద సన్నటి తెల్ల చుక్కలు. చెరువులో ఈదుతాడా అని అడిగారు, అంతే, ఏమీ తేల్చి చెప్పలేదు, ల్యాబ్ చెప్పనీండి అన్నారు. కండని గాజు స్లైడ్‌కి అద్ది ఒకటి, ముక్క పాడవకుండా ఉంచే ఫార్మాలిన్ మందు డబ్బాలో చిన్న ముక్క ఒకటి. ల్యాబ్ కుర్రాడు స్లైడ్స్‌ని డబ్బాకి దూరంగా వేరే కవర్లో పెట్టాడు, ఎందుకు బాబూ అంటే, ఫార్మాలిన్ ఆవిరి తగిలితే స్లైడ్‌కి రంగు సరిగ్గా పట్టదు మేడం, డబ్బాలో కూడా ముక్కకి పదింతలు మందు ఉండాలి, లేకపోతే లోపల కుళ్ళిపోద్ది అన్నాడు. ఆ జాగ్రత్త చూశాకే నాకు కాస్త ధైర్యం వచ్చింది.

స్లైడ్ చూసి సాయంత్రమే ఫోన్ చేశారు, బయాప్సీ, అంటే ఆ ముక్క రిపోర్ట్‌కి ఇంకొన్ని రోజులు పట్టింది. క్యాన్సర్ కాదు, రైనోస్పోరిడియోసిస్ అనే ఇన్ఫెక్షన్, ముక్కులో ఇలా కండ పెంచుతుంది. పాథాలజీ మేడం మమ్మల్ని కూర్చోబెట్టి స్క్రీన్ మీద చూపించారు, గులాబీ రంగు కండ మధ్యలో గుండ్రటి సంచులు, వాటి నిండా గసగసాలు పోసినట్టు బుల్లి బుల్లి గింజలు. బయట కనబడిన తెల్ల చుక్కలు ఆ సంచులేనంట! 1900లో అర్జెంటీనాలో మొదట దీని గురించి రాశారట గానీ కేసులు ఎక్కువ మన దక్షిణాదిలో, శ్రీలంకలోనే, నిలవ నీళ్ళలోంచి పట్టుకుంటుంది, మనుషులకీ వస్తుంది కానీ కుక్క నుంచి మనకి అంటుకునే రకం కాదన్నారు. చాన్నాళ్ళు ఫంగస్ అనుకున్నారు, కాదు, చేపలకి పట్టే ఒకరకం పరాన్నజీవులకి చుట్టం. క్రిముల్ని ల్యాబ్‌లో పెంచి చూసే మామూలు కల్చర్ టెస్టులో ఇది పెరగదు, అంటే మైక్రోస్కోప్ కింద చూడకపోతే దొరకడం కష్టమన్నమాట. ఆపరేషన్ చేసి మొదలంటా తీసి కాల్చారు, డాప్సోన్ అని మాత్రలు ఇచ్చారు, మళ్ళీ వచ్చే ఛాన్స్ ఉంది కాబట్టి చెకప్‌లకి తిప్పుతున్నాం. చెరువు బంద్, వాడు నా మీద అలిగాడు.

మాకు ఈ ల్యాబ్ చెప్పింది గాజువాకలో వీధికుక్కల్ని చూసుకునే ఒకావిడ. ఆవిడ తెచ్చిన ఆడకుక్కకి వెనక వైపు కాలీఫ్లవర్‌లా గడ్డ, రక్తం కారుతూ ఉంటే అందరూ వదిలేయమన్నారంట, ఇక్కడ సూదితో తీసిన స్లైడ్‌లోనే టీవీటీ అని తేలింది, జత కట్టినప్పుడు ఒక కుక్క నుంచి ఇంకో కుక్కకి క్యాన్సర్ కణాలే పాకే జబ్బు అది. వారం వారం విన్‌క్రిస్టీన్ అనే క్యాన్సర్ మందు ఇంజక్షన్‌తో కరిగిపోయింది, కోత కూడా పడలేదు. చూడ్డానికి భయంకరంగా ఉన్నది మందుతో పోయింది, అదే చిన్న పులిపిరిలా కనబడేది మాస్ట్ సెల్ ట్యూమర్ అనే చర్మ క్యాన్సర్ అయి ప్రాణం మీదకి తేవచ్చు, కంటితో ఎవరు చెప్పగలరు?

బాలేనివి కూడా చెప్పాలి కదా. రిపోర్ట్ మొత్తం డాక్టర్ల భాషలో ఉంటుంది, మేడం ఉన్న టైంకి వెళ్తేనే అర్థమవుతుంది, కింద నాలుగు లైన్లు తెలుగులో రాసిస్తే ఎంత బాగుంటుందో. రేటు తక్కువేం కాదు. ఆదివారం శాంపిల్ తీసుకోరు. పార్కింగ్ అస్సలు లేదు, పెద్ద కుక్కతో ఆటోలో వెళ్ళడమే నయం. అయినా 5కి 4 ఇస్తున్నా, ఆ ఒక్కటీ రిపోర్ట్‌కే తగ్గించా. ఎక్కడైనా గడ్డ తీయిస్తే మాత్రం దాన్ని చెత్తబుట్టలో పడేయనివ్వకండి, ఫార్మాలిన్‌లో వేసి ఇమ్మని గట్టిగా అడిగి ఇక్కడికి పట్టుకురండి.