వేల్ లింటర్: ఏళ్ల తరబడి వాడిన టెక్నికల్ రైటర్ సమీక్ష

రివ్యూకి పంపిన పేజీ తిరిగొచ్చినప్పుడు అందులో ఎలాంటి కామెంట్లు ఉంటాయో టెక్నికల్ రైటర్లకి చెప్పనక్కర్లేదు. ఇక్కడ కామా ఉండాలి. హెడింగ్‌లో ప్రతి పదానికీ క్యాపిటల్ ఎందుకు? లాగిన్ అన్నది ఒక పదమా, రెండు పదాలా? ఈ ప్లీజ్ తీసేయండి. సగానికి పైగా కామెంట్లు ఇవే. ఆ పేజీలోని నాలుగో స్టెప్పు అసలు పనిచేస్తుందో లేదో మాత్రం చాలాసార్లు ఎవరూ చూసి ఉండరు. నేను వేల్‌ని వదలకుండా వాడుతున్నది ఈ ఒక్క బాధ తగ్గించుకోవడానికే. ఆ పని అది బాగా చేస్తుంది. మన ఇంగ్లీషుకి మెరుగులు దిద్దుతుందని ఆశపడి పెట్టుకుంటే మాత్రం నిరాశ తప్పదు.

కొత్తవాళ్ల కోసం రెండు మాటలు. వేల్ ఒక ప్రోజ్ లింటర్. కోడ్‌లో తప్పులు పట్టడానికి ప్రోగ్రామర్లకి లింటర్లు ఉన్నట్టే, మనం పెట్టుకున్న స్టైల్ రూల్స్ తప్పిన చోట్లని ఇది వచనంలో చూపిస్తుంది. జోసెఫ్ కాటో మొదలుపెట్టిన ఓపెన్ సోర్స్ ప్రాజెక్ట్ ఇది. గో భాషలో రాశారు, ఎంఐటీ లైసెన్స్ కాబట్టి ఖర్చేమీ లేదు. కమాండ్ లైన్‌లో నడుస్తుంది, మన టెక్స్ట్ మన మెషీన్ దాటి బయటికి పోదు. రిలీజ్ కాని ప్రొడక్ట్ గురించి రాసేవాళ్లకి ఇది చిన్న సంగతి కాదు. ఆన్‌లైన్ గ్రామర్ చెకర్లో డ్రాఫ్ట్ పేస్ట్ చేస్తే అది వేరొకరి సర్వర్‌కి వెళ్తుంది. ఎన్‌డీఏ (సమాచారం బయటపెట్టనన్న ఒప్పందం) మీద సంతకం పెట్టిన ఎవరికైనా అక్కడే టెన్షన్ మొదలవుతుంది.

దీనికి మార్కప్ (టెక్స్ట్‌లో ఏ భాగం ఏమిటో చెప్పే గుర్తులు) తెలుసు. మార్క్‌డౌన్ ఫైల్ ఇస్తే కోడ్ బ్లాక్ ఏదో, హెడింగ్ ఏదో, టేబుల్ సెల్ ఏదో గుర్తుపడుతుంది. కోడ్ బ్లాక్‌లో ఉన్న కమాండ్‌ని పట్టుకుని స్పెల్లింగ్ తప్పంటూ గోల చేయదు. వర్డ్ ప్రాసెసర్లలో ఉండే స్పెల్ చెకర్ ఎర్ర గీతలతో పేజీ నింపేయడం చూసినవాళ్లకి ఇది ఎంత హాయో తెలుస్తుంది. హెడింగ్‌లకి మాత్రమే వర్తించే రూల్ ఒకటి, వాక్యాలకి మాత్రమే వర్తించేది మరొకటి పెట్టుకోవచ్చు. ఆస్కిడాక్, రీస్ట్రక్చర్డ్‌టెక్స్ట్, హెచ్‌టీఎంఎల్, డిటా లాంటి ఇతర మార్కప్ ఫార్మాట్లు కూడా చదువుతుంది. కాకపోతే ఆస్కిడాక్‌కి ఆస్కిడాక్టర్, డిటాకి డిటా ఓపెన్ టూల్‌కిట్ విడిగా ఇన్‌స్టాల్ చేసి ఉండాలి. మార్క్‌డౌన్ మీద రెప్పపాటులో అయిపోయే పని డిటా మీదకి వచ్చేసరికి నత్తనడక నడుస్తుంది. మీ డాక్యుమెంట్లన్నీ వర్డ్‌లో ఉంటే ఈ సమీక్ష ఇక్కడితో ఆపేయొచ్చు. వేల్ మీకు కాదు.

వేల్ పెట్టుకున్న ప్రతి టీమూ మొదటి రోజు ఒకే పని చేస్తుంది: రెడీమేడ్ స్టైల్ ప్యాకేజీలు దించుకోవడం. మైక్రోసాఫ్ట్ స్టైల్ గైడ్ ఆధారంగా ఒకటి, గూగుల్ డెవలపర్ డాక్యుమెంటేషన్ స్టైల్ గైడ్ ఆధారంగా ఒకటి, రైట్‌గుడ్, ప్రోజ్‌లింట్, ఇలా చాలా ఉన్నాయి. కాన్ఫిగ్ ఫైల్లో పేర్లు రాసి ఒక్క సింక్ కమాండ్ కొడితే వచ్చేస్తాయి. తర్వాత ఫోల్డర్ మొత్తం మీద వేల్ నడిపితే స్క్రీన్ మీద అలర్ట్‌లు వరదలా పారతాయి. చాలా టీములు ఈ టూల్‌ని వదిలేసేది ఆ రోజే. ప్యాకేజీలు చెడ్డవని కాదు. రెండు వేర్వేరు సంస్థలు తమ పాఠకుల కోసం రాసుకున్న రూల్స్‌ని ఒకే పేజీ మీద కుమ్మరిస్తే, ఒకే విషయానికి రెండేసి అలర్ట్‌లు రాక ఏమవుతుంది?

అన్నింటికన్నా ఎక్కువ గోల చేసేది ప్యాసివ్ వాయిస్ రూల్. లోపల అదెలా పనిచేస్తుందో తెలిస్తే దాని మీద ఎంత నమ్మకం పెట్టుకోవాలో అర్థమవుతుంది. ఈజ్, ఆర్, వజ్ లాంటి పదం పక్కనే ఈడీతో ముగిసే పదం గానీ, జాబితాలో ఉన్న డన్, రిటెన్ లాంటి పదం గానీ వస్తే ప్యాసివ్ అని లెక్కేస్తుంది. అదొక రెగ్యులర్ ఎక్స్‌ప్రెషన్ (అక్షరాల నమూనాని వెతికే సూత్రం), అంతే. దానికి వ్యాకరణం తెలియదు.

రెండు వాక్యాలు చూడండి. "ద ఫైల్ ఈజ్ డిలీటెడ్ ఆఫ్టర్ 30 డేస్." ఫైల్ ఎవరు తీసేస్తారు? సిస్టమే. అది చదివేవాడికి తెలుసు, వాడికి కావలసింది 30 రోజులన్న సంగతి. దాన్ని యాక్టివ్‌లోకి మారిస్తే ద సిస్టమ్ అన్న రెండు పదాలు చేరడం తప్ప కొత్త సమాచారం ఏమీ రాదు. ఇక రెండోది: "ద టోకెన్ మస్ట్ బి రెన్యూడ్ ఎవ్రీ 90 డేస్." ఇక్కడ ఎవరు రెన్యూ చేయాలి? అడ్మినా, యూజరా, లేక సర్వీస్ తనంతట తనే చేసుకుంటుందా? ఈ ప్యాసివ్ ఒక మనిషిని దాచేసింది. తొంభై ఒకటో రోజున ఎవరో సపోర్ట్‌కి ఫోన్ చేస్తారు. రూల్ మాత్రం రెండు వాక్యాలకీ ఒకటే అలర్ట్ ఇస్తుంది. ఏది మార్చాలో, ఏది వదిలేయాలో చెప్పగలిగేది మనమే. అందుకని మా దగ్గర ఆ రూల్ వార్నింగ్ కూడా కాదు, అట్టడుగున సజెషన్ స్థాయిలో ఉంది.

వేల్‌లో అలర్ట్‌లకి మూడు స్థాయిలు: సజెషన్, వార్నింగ్, ఎర్రర్. బిల్డ్‌ని (ఫైళ్లని తనిఖీ చేసి పేజీలు తయారుచేసే ఆటోమేటిక్ ప్రక్రియని) ఆపేది ఎర్రర్ ఒక్కటే. ఎవరూ వాదించలేని విషయాలకే ఎర్రర్ ఇవ్వాలన్నది మా పద్ధతి: ప్రొడక్ట్ పేరు తప్పుగా రాయడం, యూఐలోంచి తీసేసిన బటన్ పేరు డాక్స్‌లో ఇంకా వేలాడటం, ఒకే పదం రెండుసార్లు పడటం. 2020లో గిట్‌హబ్ కొత్త రెపోల (ప్రాజెక్ట్ ఫైళ్లు ఉండే చోట్ల) డిఫాల్ట్ బ్రాంచ్ పేరుని మాస్టర్ నుంచి మెయిన్‌కి మార్చడానికి ముందు రాసిన పేజీల్లాంటి వాటికి ఇలాంటి రూల్ బాగా పనికొస్తుంది. వచనంలో పాత పేరు కనిపిస్తే పట్టుకుంటుంది, కోడ్ బ్లాక్‌లో ఉన్న పాత కమాండ్ జోలికి పోదు.

ప్యాకేజీలన్నీ ఆపేసి మా సొంత రూల్స్ రాసుకోవడం మొదలుపెట్టాకే వేల్ మాకు నిజంగా అక్కరకొచ్చింది. ఆ రూల్స్ ఏ స్టైల్ గైడ్‌లోంచీ తీసుకోలేదు, పాత రివ్యూ కామెంట్లలోంచి తీశాం. ఒకే కామెంట్ మళ్లీ మళ్లీ కనబడిందంటే అది రూల్ కావాల్సిందే. రూల్ అంటే చిన్న యామల్ ఫైల్ (సెట్టింగులు రాసుకునే సాదా టెక్స్ట్ ఫైల్): ఏ రకం రూల్, ఏ స్థాయి, ఏ పదానికి బదులు ఏ పదం, మనిషికి కనిపించే మెసేజ్. పది లైన్లు దాటదు. అందులో తొమ్మిది లైన్లు ఎవరైనా రాస్తారు. పదోది, ఆ మెసేజ్, అక్కడ రైటర్ పనితనం తెలుస్తుంది. "ఈ పదం వాడకూడదు" అని రాస్తే ఇంజనీర్ విసుక్కుంటాడు. "ఈ బటన్ పేరు కొత్త వెర్షన్‌లో మారింది, ఇప్పుడు ఇలా ఉంది" అని రాస్తే మార్చేసి తన పని చూసుకుంటాడు. ఇంకో తమాషా. కామా గురించి నేను చెబితే పది నిమిషాలు వాదించేవాళ్లు, అదే మాట బిల్డ్ చెబితే నోరెత్తకుండా సరిచేస్తారు.

అన్ని రూల్స్‌లో నాకు బాగా ఇష్టమైనది షుడ్ మీద పెట్టుకున్నది. స్పెసిఫికేషన్లలో మస్ట్, షుడ్, మే అంటే ఏమిటో 1997లో వచ్చిన ఆర్‌ఎఫ్‌సీ 2119 అనే ఇంటర్నెట్ ప్రమాణాల పత్రం తేల్చి చెప్పింది. మాన్యువల్ చదివే మామూలు యూజర్‌కి అవేమీ తెలియవు. "యూ షుడ్ రీస్టార్ట్ ద సర్వర్" అని చదివితే రీస్టార్ట్ చేయకపోయినా నడుస్తుందేమో అనుకుంటాడు. మా రూల్ ఆ పదం మీద ఒక ప్రశ్న అడుగుతుంది: ఇది తప్పనిసరా, సలహానా? తప్పనిసరైతే నేరుగా "రీస్టార్ట్ ద సర్వర్" అని రాయండి, సలహా అయితే చేయకపోతే ఏమవుతుందో రాయండి. దీనికి జవాబు చాలాసార్లు రైటర్ దగ్గర ఉండదు. లేచి వెళ్లి ఇంజనీర్‌ని అడగాల్సిందే. ఒక్కోసారి ఇంజనీర్‌కీ తెలియదు, టెస్ట్ చేసి చెబుతాడు. ఒక పదం కోసం పెట్టిన రూల్ ఒక బగ్‌ని బయటపెట్టిన సందర్భాలూ ఉన్నాయి. పదం మార్చే రూల్స్ ఎన్ని ఉన్నా ఇలా ప్రశ్న అడిగేవే పేజీకి మేలు చేశాయని నా అభిప్రాయం.

ఇక చిరాకులు. మొదటిది పదకోశం. స్పెల్లింగ్ చూడటానికి వేల్ హన్‌స్పెల్ డిక్షనరీలు వాడుతుంది. వాటిలో లేని మన పదాలని యాక్సెప్ట్ అనే టెక్స్ట్ ఫైల్లో చేర్చుకోవాలి. అందులో చేర్చిన పదాన్ని స్పెల్లింగ్ తప్పు కాదని ఊరుకోవడంతో ఆగదు, అచ్చం అలాగే రాయాలని పట్టుబడుతుంది. గిట్‌హబ్ లాంటి పేరుకి ఇది వరం, మధ్యలో క్యాపిటల్ మరచిపోతే పట్టేస్తుంది. కానీ గో భాష పేరుని క్యాపిటల్‌తో ఆ ఫైల్లో పెట్టి చూడండి. "గో టు సెట్టింగ్స్" అన్న ప్రతి స్టెప్పులోనూ వాక్యం మధ్య చిన్న అక్షరంతో వచ్చే గో తప్పని చెబుతుంది. నోడ్ కూడా అంతే. నెట్‌వర్క్‌లో ఉండే నోడ్‌కీ, జావాస్క్రిప్ట్ నడిపే నోడ్‌కీ తేడా దానికెలా తెలుస్తుంది? ఇలాంటి మామూలు పదాలతో కలిసిపోయే పేర్లని పదకోశంలోంచి తీసేసి, చుట్టుపక్కల పదాలు కూడా చూసే విడి రూల్ రాసుకోవడం మేలు.

రెండోది రీడబిలిటీ స్కోర్. ఫ్లెష్-కిన్‌కేడ్ సూత్రంతో పేజీ ఎన్నో తరగతి స్థాయిలో ఉందో లెక్క కట్టే రూల్ ఉంది. మేనేజర్లకి అంకెలంటే ప్రీతి కాబట్టి దీన్ని తప్పక అడుగుతారు. ఆ సూత్రాన్ని 1975లో అమెరికా నేవీ కోసం తయారుచేశారు. వాక్యంలో ఎన్ని పదాలు, పదంలో ఎన్ని సిలబుల్స్ అన్నదే దాని లెక్క. ఆథెంటికేషన్‌లో ఐదు సిలబుల్స్, కాన్ఫిగరేషన్‌లో ఐదు. ఆథెంటికేషన్ గురించిన పేజీలో ఆ పదం వాడకుండా ఎలా రాస్తాం? పదమూ మారదు, స్కోరూ మారదు, మీటింగ్‌లో మాత్రం సంజాయిషీ చెప్పుకోవాలి. దాన్ని ఆపేసి వాక్యం పొడవు మీద రూల్ పెట్టాం. విమానాల మాన్యువళ్ల కోసం పుట్టిన ఏఎస్‌డీ-ఎస్‌టీఈ100 ప్రమాణం స్టెప్పులో వాక్యానికి 20 పదాలు, వివరణలో 25 పదాలు మించొద్దంటుంది. మేం 25 తీసుకున్నాం. సాఫ్ట్‌వేర్ డాక్స్‌కి ఇది చక్కగా సరిపోయింది. 25 దాటిన వాక్యంలో దాదాపు ఎప్పుడూ రెండు వాక్యాలు ఇరుక్కుని ఉంటాయి.

మూడోది ఆఫ్ కామెంట్లు. ఫైల్లో ఒక చిన్న కామెంట్ పెడితే అక్కడి నుంచి వేల్ నోరు మూసుకుంటుంది, ఆన్ కామెంట్ వచ్చాక మళ్లీ తెరుస్తుంది. అవసరమైన సదుపాయమే. అయితే రిలీజ్ రోజు హడావిడిలో ఆఫ్ పెట్టినవాళ్లు ఆన్ పెట్టరు. పేజీ చివరిదాకా తనిఖీ లేకుండా పోతుంది, బిల్డ్ మాత్రం పచ్చగా కనిపిస్తుంది. ప్రతి రిలీజ్‌కి ముందు రెపోలో ఈ కామెంట్లని వెతకడం అలవాటు చేసుకోండి. ఇంకా మూడో వెర్షన్‌లో పదకోశం ఫోల్డర్ చోటు మార్చేశారు. అప్‌గ్రేడ్ చేసేటప్పుడు అది గుర్తుంచుకోకపోతే అప్పటిదాకా ఒప్పుకున్న పదాలేవీ దానికి దొరకవు. పైగా రూల్స్ రాయాలంటే రెగ్యులర్ ఎక్స్‌ప్రెషన్లు రావాలి. టీమ్‌లో ఒక్కరికైనా అవి రాకపోతే ఇబ్బందే.

ఎడిటర్‌లో రాస్తున్నప్పుడే అలర్ట్‌లు చూపించే విజువల్ స్టూడియో కోడ్ ఎక్స్‌టెన్షన్ కూడా ఉంది. మొదటి డ్రాఫ్ట్ రాసేటప్పుడు దాన్ని ఆపేస్తాను. ఆలోచన ఇంకా కుదురుకోకముందే కామా గురించి చెప్పేవాళ్లు నాకు అక్కర్లేదు. కమిట్ చేసే (మార్పుని రెపోలో నమోదు చేసే) ముందు ఒకసారి, పుల్ రిక్వెస్ట్‌లో (ఆ మార్పుని రివ్యూకి పంపినప్పుడు) ఒకసారి నడిస్తే చాలు. పాత పేజీలు వేలల్లో ఉంటే అన్నీ ఒకేసారి శుభ్రం చేయాలని కూర్చోకండి. మారిన ఫైళ్ల మీద మాత్రమే నడిచేలా పెట్టుకుంటే పాతవి చేతికి వచ్చినప్పుడల్లా బాగుపడుతూ ఉంటాయి.

ఇప్పుడు చాట్‌బాట్‌కి స్టైల్ గైడ్ ఇచ్చి చూడమంటే సరిపోదా అని చాలామంది అడుగుతున్నారు. వాక్యం ఎలా తిప్పి రాయాలో సలహా కావాలంటే అది వేల్ కన్నా ఎంతో నయం. కానీ ఒకే పేజీని రెండుసార్లు ఇస్తే రెండు రకాల జాబితాలు రావచ్చు. బిల్డ్ ఆగాలా సాగాలా అన్నది అలాంటి జవాబు మీద పెట్టలేం. వేల్ నిన్న పట్టింది ఇవాళా పడుతుంది, నిన్న వదిలేసింది ఇవాళా వదిలేస్తుంది.

దాని చేతగానిది కూడా చెప్పాలి. పోర్ట్ నంబర్ 443 ఉండాల్సిన చోట 433 అని రాసినా "0 ఎర్రర్స్, 0 వార్నింగ్స్, 0 సజెషన్స్" అంటుంది. స్టెప్పులు తారుమారైనా అదే మాట. అందుకే లింట్ పాసైన పేజీని రివ్యూ లేకుండా మెర్జ్ చేయడానికి మేం ఒప్పుకోం. కామాల గొడవ ముందే తీరిపోయి ఉంటుంది కాబట్టి రివ్యూకి కూర్చున్నవాళ్లు ఇప్పుడు కమాండ్లు నడిపి చూస్తున్నారు.

డాక్స్ గిట్ (ఫైళ్లలో మార్పుల చరిత్ర దాచే టూల్)లో ఉండి, ఇద్దరికి మించి రాసేవాళ్లు ఉన్న టీమ్ అయితే పెట్టుకోండి. ఒంటరిగా రాసుకునేవాళ్లకి ఎడిటర్‌లో ఉండే స్పెల్ చెకర్ చాలు. మొదలుపెట్టే ముందు గిట్‌ల్యాబ్, రెడ్ హ్యాట్, డేటాడాగ్ బహిరంగంగా పెట్టిన వేల్ రూల్స్ ఒకసారి తిరగేయండి. వాటిని ఎత్తి మీ రెపోలో పెట్టుకోవద్దు. ఏ రూల్‌కి ఎర్రర్ ఇచ్చారు, దేన్ని సజెషన్‌తో వదిలేశారు, మెసేజ్‌లు ఎలా రాశారు అన్నది చూడండి, చాలు.